రోళ్లపాడులో బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) ఇంకా కనిపిస్తుందా? అసలు అదెలాంటి చోటు?

నందికొట్కూరు వైపు వెళ్తున్నానని, దారిలో రోళ్లపాడు అభయారణ్యం చూడొచ్చా అని అడిగారు కదా. మా అమ్మమ్మ వాళ్లది ఆ పక్క ఊరే కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

అభయారణ్యం అన్నారని అడవిని ఊహించుకోకండి. మిడుతూరు మండలంలో (2022 దాకా కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల) కనుచూపు మేరా గడ్డి బయలు, అక్కడొకటి ఇక్కడొకటి తుమ్మచెట్టు, అంతే. కొంత నల్లరేగడి, కొంత గరుసు నేల. ఊళ్లు దూరదూరంగా ఉంటాయి. రికార్డుల్లో ఇలాంటి భూమిని బంజరు అని రాసేస్తారు. గొర్రెలోళ్లను అడిగితే అదెంత బంజరో చెప్తారు.

చిన్నప్పుడు వేసవి సెలవులకు వెళ్తే రాత్రుళ్లు మందతోనే పడుకునేవాళ్లం. కోత అయిపోయిన చేలో మంద పెట్టించుకుంటే ఎరువు పడుతుందని రైతులే పిలిచేవాళ్లు, జొన్నలు కొలిచిచ్చేవాళ్లు. తోడేళ్ల భయంతో మామయ్య సగం రాత్రి మేలుకునేవాడు. ఒక పొద్దున ఆయనే నా భుజం తట్టి, మాట్లాడొద్దని సైగ చేసి చూపించాడు: మా గొర్రెల అవతల నడుము ఎత్తున ఒక పక్షి, తెల్లని మెడ, నెత్తిన నల్ల టోపీ. మంద దాని పక్కనుంచే పోతోంది. అదేమో పెద్దమనిషిలా నిదానంగా అడుగులేస్తోంది. బట్టమేకను నేను చూసింది ఆ ఒక్కసారే.

దానికోసమే 1988లో 614 హెక్టార్లను అభయారణ్యం చేశారు. లోపల జింకలు పదుల్లోంచి వందల్లోకి పెరిగి చుట్టుపక్కల చేల మీద పడ్డాయి. రైతులకు ఆ పేరు వింటేనే మంట. వాళ్లది తప్పనను. ఈలోపు అలగనూరు రిజర్వాయరు, కాలువలు వచ్చాయి. వానకు పండే కొర్ర, జొన్న పోయి నీటి పంటలు వచ్చాయి, బీళ్లు చేలయ్యాయి. నన్నడిగితే దెబ్బ అక్కడే తగిలింది. బట్టమేక సాధారణంగా ఏడాదికి పెట్టేది ఒకే గుడ్డు, అదీ నేల మీద. దానికి కావలసింది 614 హెక్టార్ల కంచె కాదు, చుట్టూ ఉన్న బీడంతా. ఇప్పుడు దేశం మొత్తం మీద బయట స్వేచ్ఛగా తిరిగేవి 150కి అటూఇటుగానే ఉన్నాయి, ఎక్కువ భాగం రాజస్థాన్‌లోనే.

కాబట్టి పిట్ట కనిపిస్తుందని మాత్రం ఆశపెట్టుకోకండి. అయినా వెళ్లండి. జింకలు ఖాయం, అదృష్టం ఉంటే తోడేలు. చలికాలమైతే పొద్దుగూకే వేళకు ఉండండి, ఉత్తరాది నుంచి వలస వచ్చిన పిల్లిగద్దలు రాత్రి పడుకోడానికి ఒక్కొక్కటే గడ్డిలోకి దిగుతాయి. లుంగీతో మాత్రం పోకండి, అంచు నిండా గడ్డిముళ్లు పట్టుకుంటాయి, ఇంటికొచ్చాక రెండు రోజులు ఏరుకోవాలి.