పెళ్లిచూపుల ముందు మీరడిగిన ప్రశ్నకు సమాధానం

గుంటూరు బ్రాడీపేటలో ఉంటున్న మీకు 29 ఏళ్లు వచ్చినా ఇంతవరకు ఎవరిపైనా లైంగిక ఆకర్షణ కలగలేదనీ, హార్మోన్ పరీక్షలన్నీ మామూలుగానే వచ్చాయనీ, ఇంట్లో సంబంధాలు చూస్తుండడంతో ఇది జబ్బేమోనని భయంగా ఉందనీ రాశారు. మీరు చెప్పినదాన్ని బట్టి ఇది జబ్బులా నాకు కనిపించడం లేదు. స్త్రీల వైపో పురుషుల వైపో ఆకర్షణ కలగడం ఎలాంటిదో, ఎవరి వైపూ కలగకపోవడమూ అలాంటిదే. దీన్ని ఏసెక్సువాలిటీ అంటారు. (అలైంగికం అన్న మాటను హైడ్రా, అమీబాల పాఠంలో చదివి ఉండడం వల్ల మనుషులకు వాడడం నాకు నచ్చదు.)

కెనడా మనస్తత్వ పరిశోధకుడు ఆంథొనీ బోగార్ట్ 2004లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, బ్రిటన్‌లో సర్వే చేసిన 18,000 మందికి పైగా ప్రజలలో సుమారు 1 శాతం మంది తమకు ఎవరిపైనా లైంగిక ఆకర్షణ కలగలేదన్నారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వెలువరించిన, మానసిక రుగ్మతల నిర్ధారణకు డాక్టర్లు వాడే డీఎస్ఎం-5 అనే పుస్తకం కూడా, తనను తాను ఏసెక్సువల్‌గా గుర్తించుకున్న వ్యక్తికి కోరిక లోపించే రుగ్మత ఉందని నిర్ధారించకూడదని చెబుతోంది. అయితే ఉన్న కోరిక హఠాత్తుగా తగ్గిపోతే అది వేరే సంగతి, అప్పుడు డాక్టరును కలవవలసిందే.

ప్రేమ, తోడు కావాలనుకోవడానికి ఇది అడ్డు కాదు. "పెళ్లయితే అదే సర్దుకుంటుంది" అన్న మీ పిన్నిగారి మాటను మాత్రం నమ్మకండి. ముందుగా అమ్మగారితో చెప్పి, సంబంధం ఖాయమయ్యేలా ఉంటే తాంబూలాలు పుచ్చుకోకముందే ఆ అబ్బాయితో విడిగా, దాపరికం లేకుండా మాట్లాడండి.