ముద్ద మీద ధ్యాస ఎలా?

ప్రశ్న: ఇంట్లో కూర్చుని చేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం నాది. మధ్యాహ్నం లాప్‌టాప్ ముందే తినేస్తాను, బాక్స్ ఖాళీ అయ్యాక ఏం కూర తిన్నానో కూడా గుర్తుండదు. తిండి మీద ధ్యాస పెట్టి, కృతజ్ఞతతో తినమని స్నేహితుడు చెప్తే కళ్లు మూసుకుని ముద్దకు 32 సార్లు నమలడం మొదలుపెట్టాను. నాలుగో ముద్దకే విసుగొచ్చింది. పైగా నాకు దేవుడి మీద పెద్దగా నమ్మకం లేదు. నాలాంటివాడికి ఇది కుదిరే పనేనా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందు ఆ లెక్క మానేయండి. లెక్కపెట్టేవాడి ధ్యాస అంకె మీద ఉంటుంది గానీ దొండకాయ వేపుడు మీద ఉండదు. ఔపోశనం పట్టే పెద్దవాళ్లను ఎప్పుడైనా చూశారా? విస్తరి చుట్టూ నీళ్లు తిప్పి, 'ప్రాణాయ స్వాహా' అంటూ మొదలుపెట్టి, ఐదుసార్లు నాలుగేసి మెతుకులు పళ్లకు తగలకుండా మింగుతారు. అంటే మీ 32 సార్ల పద్ధతికి పూర్తిగా తలకిందులు! ముస్లింల ఇళ్లలో బిస్మిల్లా అని మొదలుపెడతారు, క్రైస్తవుల ఇళ్లలో ప్రార్థన అయ్యేదాకా కంచంలో చెయ్యి పెట్టరు. నమ్మకాల సంగతి పక్కన పెడితే అన్నిచోట్లా జరిగేది ఒకటే, ఆకలితో ఉన్న మనిషి అన్నం ఎదురుగా పెట్టుకుని కాసేపు ఆగుతాడు. ఆ ఆగడం మీరూ చేయొచ్చు, మంత్రం రాకపోయినా ఫరవాలేదు. మూత తీశాక ఏమేం ఉన్నాయో చూడండి, ఈ కూర ఎవరు తరిగారో, ఎన్నింటికి లేచి పొయ్యి వెలిగించారో ఒక్కసారి తలుచుకోండి, మొదటి ఐదారు ముద్దలు స్క్రీన్ వైపు చూడకుండా తినండి. ఆ తర్వాత మీటింగ్ ఉంటే వెళ్లండి, నేనేమీ అనను.

ఇంకో మాట. నిదానంగా తినడం మన భోజనంలోనే ఉంది, బాక్సులు వచ్చాక అది పోయింది. పప్పూ నెయ్యీ, తర్వాత కూర, ఓ పచ్చడి, ఆ తర్వాత పులుసో చారో, చివర పెరుగు. దేనికది అన్నం విడిగా కలుపుకోవాలి, కలిపే ప్రతిసారీ చూపు కంచంలోకి దిగాల్సిందే. కడుపు నిండిన సంగతి మెదడుకు చేరడానికి దాదాపు 20 నిమిషాలు పడుతుందని డాక్టర్లు చెప్తుంటారు కదా, అన్నీ ఒకే బాక్సులో కలిపేసి స్పూన్‌తో తింటే అందులో సగం సేపు కూడా పట్టదు, ఇంకా ఆకలిగానే ఉందనుకుని చిప్స్ ప్యాకెట్ తెరుస్తారు. ఇంట్లోనే ఉన్నారు కాబట్టి బాక్స్ మానేసి కంచంలో వడ్డించుకోండి. చేత్తో తినండి. ఫోన్ పక్క గదిలో పెట్టండి, బోర్లా తిప్పి పెడితే చాలదు.

ప్రశ్న: మా మామయ్య భోజనానికి ముందు శ్లోకం చదువుతారు. మావారు రైతు కష్టం గురించి ఫేస్‌బుక్‌లో పోస్టులు పెడతారు. అందరికీ వండి వడ్డించి, చివరికి అడుగున మిగిలిన చల్లారిన అన్నం తినేది నేను. నేను ఎవరికి కృతజ్ఞత చెప్పుకోవాలో మీరే చెప్పండి.
– ఒక గృహిణి, కరీంనగర్

జవాబు: ఎవరికీ చెప్పక్కర్లేదమ్మా. ఈ పాఠం మీకు కాదు, మీ ఇంట్లో మిగతావాళ్లకి. దేవుడికీ రైతుకీ దండం పెట్టి, ఎదురుగా గరిటె పట్టుకుని నిలబడ్డ మనిషిని చూడకపోతే అదేం కృతజ్ఞత? కోనసీమలో లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళ కాని వేళ వచ్చిన బాటసారులకు కూడా వండి పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో బడుల మధ్యాహ్న భోజన పథకానికి ఆవిడ పేరు పెట్టారు, సంతోషమే. కానీ ఆవిడ కథ చెప్పుకుని మురిసిపోయి, మన ఇంట్లో ఆడమనిషికి కూడా అన్నపూర్ణ అని బిరుదిచ్చేస్తే ఇక ఆ మనిషి ఎప్పుడు తిన్నదో అడిగే పని ఉండదు, ఆ బిరుదులో నాకు నచ్చనిది అదే.

గిన్నెలన్నీ మధ్యలో పెట్టేయండి, ఎవరికి కావాల్సింది వాళ్లు వడ్డించుకుంటారు, మీరూ అందరితో పాటే కూర్చోండి. మొదట్లో "నెయ్యేది, నీళ్లేవి" అంటూ మీ వైపే చూస్తారు, లేవకండి. మామయ్యగారిని శ్లోకం మానమనక్కర్లేదు, మీరు కూర్చున్నాకే మొదలుపెట్టమని నెమ్మదిగా చెప్పండి. ఇక మీవారికి ఆదివారం పూట నాలుగు గోంగూర కట్టలు ఇచ్చి ఆకు గిల్లమనండి, ఆయన పచ్చడి తినే తీరే మారుతుంది. అలాగని వాళ్లు మీ వంటకు ఎప్పుడైనా వంక పెడితే అది తప్పు అనుకోకండి. 'అన్నం న నింద్యాత్' అని తైత్తిరీయోపనిషత్తులో ఉంది, అన్నాన్ని నిందించకూడదని. ఉప్పు తగ్గిందని చెప్పడం నింద కాదు, రుచి తెలిసేంత ధ్యాసతో తిన్నారని అర్థం. ఏం పెట్టినా తల దించుకుని తినేసి పోయేవాళ్ల కంటే వీళ్లే నయం.

ప్రశ్న: మా ఐదేళ్ల బాబు రోజూ అన్నం వదిలేస్తాడు. అన్నం పరబ్రహ్మ స్వరూపం, పారేస్తే పాపం అనీ, రైతులు ఎంత కష్టపడతారో తెలుసా అనీ చెప్పి తినిపిస్తున్నాను. ఏడుస్తూ తింటాడు. కృతజ్ఞత నేర్పడం ఇలాగేనా?
– ఒక తల్లి, డల్లాస్

జవాబు: కాదండీ, ఇలా అయితే వాడికి రైతంటే కోపం వస్తుంది. కంచంలో కొంచెమే వడ్డించండి, మళ్లీ అడిగితే పెట్టండి, చాలంటే చాలు. రైతు గురించి తప్పకుండా చెప్పండి, కాకపోతే తినే వేళ కాదు, బియ్యం కడిగే వేళ. మీరు అక్కడ కొనే సోనా మసూరి ఎక్కువగా ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక పొలాల్లోదే. సాంబ మసూరి అయితే బాపట్ల పరిశోధన కేంద్రంలో తయారై 1986లో విడుదలైన రకం, మన రైతులు బీపీటీ అనేది దాన్నే, నారు పోసిన దగ్గర్నుంచి కోతకు దాదాపు ఐదు నెలలు పడుతుంది. నారుమడి, నాట్లు, కలుపు తీత, కోత, మిల్లు, ఆ తర్వాత ఓడ... ఓడ దగ్గరికి వచ్చేసరికి వాడే ప్రశ్నలు మొదలుపెడతాడు. బియ్యం వాడి చేతే కడిగించండి, నాలుగు గింజలు సింకులో పడితే మళ్లీ పాపం గురించి ఎత్తకండి. ఇవన్నీ చేసినా అసలు ఆకలే లేదంటుంటే, బరువు కూడా పెరగకపోతే మాత్రం ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టర్‌కి చూపించండి.