ఫైబర్ బోటు ఇంజను పలక లోపల చెక్క కుళ్ళితే పైన మ్యాట్ వేస్తే సరిపోతుందా?

పాత ఫైబర్ బోటు కొన్నాననీ, ఇంజను బిగించే వెనక పలక నొక్కితే మెత్తగా తగులుతోందనీ, పైన ఇంకో రెండు పొరల మ్యాట్ (గాజు పీచు షీటు) వేయిస్తే సరిపోతుందా అనీ అడిగారు. సరిపోదండీ. పైన ఎంత ఫైబర్ వేసినా లోపలి తడి అక్కడే ఉండిపోయి, మిగిలిన మంచి చెక్కని కూడా తినేస్తుంది.

మాది భీమిలి. మా బోటుకి ముందటి ఓనరు అచ్చం ఇదే పని చేయించాడు. చూడటానికి పలక నున్నగా కొత్తగా ఉండేది, ఇంజను గేరు వేయగానే మొత్తం ఊగేది. లోపలి వైపు ఫైబర్ కోసి తీస్తే ప్లైవుడ్ ఆనవాలే లేదు, నానిన టీ పొడిలా గుప్పెళ్ళతో వచ్చింది, కింది మూల నుంచి గోధుమరంగు నీళ్ళు కారాయి.

ముందు ఎంతమేర కుళ్ళిందో తేల్చుకోండి. సుత్తి పిడితో పలకంతా కొడుతూ వెళ్తే గట్టిగా ఉన్నచోట ఠంగుమంటుంది, కుళ్ళినచోట చప్పుడు చచ్చిపోతుంది. అనుమానం ఉన్నచోట లోపలి వైపు నుంచి చిన్న బిట్‌తో, బయటి పొర దాటకుండా డ్రిల్ వేసి పొట్టు చూడండి. పొడిగా లేతరంగులో వస్తే సరే, నల్లగా తడిగా బిట్‌కి అంటుకుంటే ఇంకొంచెం పక్కన వేయాలి, పొడి పొట్టు వచ్చేదాకా. నీళ్ళు ఎక్కువగా దిగేది ఇంజను బోల్టుల రంధ్రాల నుంచి, అడుగున నీళ్ళు వదిలే బిరడా రంధ్రం నుంచి. అడుగున పొడవునా వేసిన చెక్క బద్దెలు కూడా తట్టి చూడండి. ఒడ్డున పెట్టిన బోటులో నిలిచే వాననీరు ఉప్పునీటి కంటే త్వరగా చెక్కని కుళ్ళబెడుతుంది, ఉప్పులో చెక్కని కుళ్ళబెట్టే బూజు అంతగా బతకదు.

కోసేది లోపలి నుంచే. బయటి పొర ముట్టుకోకపోతే బోటు ఆకారం చెడదు. కుళ్ళింది మొత్తం తీసేశాక ఆరబెట్టాలి, చాలామంది తొందరపడేది ఇక్కడే. అందుకే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్న 61 రోజుల్లోనే ఈ పని పెట్టుకోండి, బోటు ఎలాగూ ఒడ్డునే ఉంటుంది. ఆరిందో లేదో తెలియాలంటే ప్లాస్టిక్ కవరు ముక్కని నాలుగు వైపులా టేపుతో అంటించి, ఎండ తగిలాక తీసి చూడండి, లోపల చెమ్మ పట్టిందంటే ఇంకా ఆగాల్సిందే.

పాత ఫైబర్‌ని మెరుపు పోయేదాకా గ్రైండ్ చేసి, ధూళి దులిపి, అసిటోన్‌తో తుడవండి. కోసిన అంచు 4 మిల్లీమీటర్ల మందం ఉంటే చుట్టూ 5 సెంటీమీటర్ల దాకా ఏటవాలుగా గీకాలి, నిటారు అంచు మీద కొత్త పొర నిలవదు. ప్లైవుడ్ మాత్రం ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్డే తీసుకోండి, అంచులకి రెజిన్ (ఫైబర్ పొరల్ని అతికించి గట్టిపడే ద్రవం) బాగా తాగించండి. రెజిన్‌లో ఎపాక్సీ, పాలిస్టర్ అని రెండు రకాలు వాడతారు, పలక అతికించడానికి నేనైతే ఎపాక్సీనే వాడమంటాను. ఖర్చు ఎక్కువే, కానీ పాత ఫైబర్‌కీ చెక్కకీ పాలిస్టర్ కంటే గట్టిగా పడుతుంది. అయితే దాని మీద మామూలు మ్యాట్ కాకుండా నేసిన క్లాత్ వేయాలి, ఎందుకంటే మ్యాట్‌లో పీచుని పట్టి ఉంచే జిగురు చాలా రకాల్లో పాలిస్టర్ రెజిన్‌లో ఉండే స్టైరీన్ అనే ద్రవంలోనే కరుగుతుంది, ఎపాక్సీలో ఆ స్టైరీన్ ఉండదు. క్లాంపులు మరీ బిగించి రెజిన్ మొత్తం బయటికి పిండేయకండి.

పాలిస్టరే వాడితే ఒక్క మాట గట్టిగా చెప్తున్నా. రెజిన్ త్వరగా గట్టిపడటానికి వేసే కోబాల్ట్‌నీ, గట్టిపరిచే హార్డనర్‌నీ ఎప్పుడూ నేరుగా కలపొద్దు, పేలిపోతుంది. ముందు కోబాల్ట్ రెజిన్‌లో పూర్తిగా కలిశాకే హార్డనర్ పోయాలి. మే ఎండలో కలిపిన రెజిన్ డబ్బాలోనే గడ్డకట్టేస్తుంది కాబట్టి తెల్లవారుజామునే, కొద్దికొద్దిగా కలుపుకుని చేయండి. గ్రైండింగ్‌కి మాస్కూ కళ్ళద్దాలూ ఉండి తీరాలి, ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

చివర్న బోల్టు రంధ్రాలు నేరుగా చెక్కలోకి వేయొద్దు. పెద్ద రంధ్రం వేసి, గట్టి ఎపాక్సీ నింపి, అది ఆరాక దాని మధ్యలో బోల్టు సైజు రంధ్రం వేయండి, చుట్టూ సీలెంట్ పెట్టి బిగించండి. బిరడా రంధ్రానికీ ఇదే పద్ధతి. అడుగు బద్దెలు కూడా మెత్తగా తగిలితే కోయకముందే ఫోటోలు పెట్టండి, వాటిని ఎంతవరకు తీయాలో చూసి చెప్తాను.