పగ్గం సడలడం వేరు, గుండె ఆగడం వేరు

అమ్మాయీ,

నీ వ్యాసం మొన్న రాత్రి చదివాను, పొద్దున్నే మళ్ళీ చదివాను. మీ అమ్మగారు థైరాయిడ్ రిపోర్టు దిండు కింద పెట్టుకుని, నిద్రపట్టక ఛాతీ మీద చెయ్యి వేసుకుని పడుకున్నారని రాశావే, అక్కడ ఆగిపోయాను. ఆ వెంటనే "థైరాయిడ్ కాస్త తగ్గినా గుండె ఆగిపోయే ప్రమాదం" అని రాసేశావు. ఒళ్ళు మండింది. నీ వ్యాసం చదివేది అలా నిద్రపట్టని మనుషులే. ఈ వాక్యం అమ్మ ముందు కూర్చుని చదవగలవా?

నేను ఎన్నేళ్ళుగానో పోట్లాడుతున్నది ఒక్కదాని కోసమే. జబ్బు గురించి రాసేముందు బాగున్న ఒళ్ళు ఎలా పనిచేస్తుందో చూపించాలి. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని నెమ్మదిగా గాలి పీల్చు, దెబ్బలు కాస్త దగ్గరవుతాయి. వదులు, ఎడమవుతాయి. నీ వయసువాళ్ళకి ఇది బాగా తెలుస్తుంది. గుండెని దాని మానాన వదిలేస్తే నిమిషానికి 100 సార్లు దాకా కొట్టుకుంటుంది, మెదడు నుంచి గుండెకి దిగే వేగస్ నాడి పగ్గంలా వెనక్కి పట్టి ఉంచబట్టే కూర్చున్నప్పుడు 70 దగ్గర నడుస్తుంది. పరుగెత్తినా టెన్షన్ పడినా ఇంకో నాడుల జట్టు ములుగర్రతో పొడుస్తుంది. ఈ రెండిటి మధ్య దెబ్బల ఎడం మారుతూ ఉండాలి. గడియారంలా కొట్టుకుంటేనే మంచి గుండె అనుకుంటారు జనం, కాదు. 1921లో ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్త ఒక కప్ప గుండెకున్న వేగస్ నాడిని ప్రేరేపించి, ఆ గుండెని తడిపిన ద్రవాన్ని రెండో గుండెకి తగిలిస్తే అదీ నెమ్మదించింది, అంటే వేగస్ పగ్గం లాగేది ఒక రసాయనంతోనన్నమాట. ఇలాంటివి రాస్తే చిన్నపిల్లలు కూడా చదువుతారు.

ఇక నీ విషయం. థైరాయిడ్ గ్రంథి వదిలే టీ4 హార్మోన్ మామూలుగానే ఉండి, ఆ గ్రంథిని పనిచెయ్యమని తొందరపెట్టే టీఎస్‌హెచ్ హార్మోన్ మాత్రం పెరిగితే సబ్‌క్లినికల్ అంటారు. అలాంటివాళ్ళకి ఈసీజీ తీసి దెబ్బల ఎడాలు కొలిస్తే, కొన్ని అధ్యయనాల్లో ఆ హెచ్చుతగ్గులు తగ్గినట్టు, వేగస్ పట్టు సడలినట్టు కనిపించింది. అందరిలోనూ ఒకేలా లేదు. "కనిపించింది" అన్నదాన్ని నువ్వు "ఆగిపోతుంది" దాకా లాక్కెళ్ళావు. అసలు వింత ఇంకోటి ఉంది, దాన్ని వదిలేశావు. థైరాయిడ్ బాగా తగ్గినవాళ్ళ రక్తంలో నారడ్రినలిన్, అంటే ఆ ములుగర్ర జట్టు వదిలే రసాయనం, ఎక్కువే ఉంటుంది, అయినా గుండె నెమ్మదిగానే కొట్టుకుంటుంది, ఎందుకంటే ములుగర్ర పోటు దానికి సరిగ్గా తగలదు.

చాలా ఏళ్ళ కిందట ఒక ఆదివారం అనుబంధానికి ఇదే విషయం రాశాను. నేను రాసిన "కావచ్చు"లన్నీ ఎడిటర్ కొట్టేసి, గుండెకి గండం అని శీర్షిక పెట్టాడు. పది రోజులకి ఒకాయన భార్యని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. నా వ్యాసం చదివి భయపడి ఆవిడ థైరాయిడ్ మాత్ర రోజుకి రెండు వేసుకుంటోందట. చెయ్యి పట్టుకుని చూస్తే వణుకుతోంది, నాడి 110 దాటింది. నేనే ఆటోలో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆ ఎడిటర్ని ఇప్పటికీ క్షమించలేదు, మాట్లాడకుండా ఊరుకున్న నన్నూ క్షమించుకోలేదు.

అందుకే మాత్రల గురించి రాసేటప్పుడు జాగ్రత్త. 2017లో వచ్చిన ట్రస్ట్ అధ్యయనంలో 65 దాటిన, సబ్‌క్లినికల్ థైరాయిడ్ ఉన్న 737 మందిని చూశారు. సగం మందికి అసలు మాత్ర, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇస్తే ఏడాదికి నీరసంలో, లక్షణాల్లో తేడా రాలేదు. టీఎస్‌హెచ్ 10 దాటినవాళ్ళ సంగతి, గర్భిణుల సంగతి వేరు. కొంచెమే పెరిగితే రెండు మూడు నెలలాగి మళ్ళీ పరీక్ష చేయిస్తారు, చాలామందికి అదే మామూలు స్థాయికి వచ్చేస్తుంది. మీ అమ్మగారి టీఎస్‌హెచ్ ఎంతో వ్యాసంలో ఎక్కడా లేదు, అది చూసి చెప్పాల్సింది డాక్టరే.

ఇంకోటి, "అవటు గ్రంథి" ఏమిటి? మీ ఇంట్లో ఎవరైనా అంటారా? థైరాయిడ్ అని రాయి. ఆ మాటలు పెడితేనే తెలుగు అనే ఫ్యాషన్ వల్లే జనం సైన్సు పేజీ తిప్పేస్తున్నారు.

ఏ పత్రికకి పంపాలని అడిగావు, అది తర్వాత చూద్దాం. ఈ ఆదివారం అమ్మ పక్కన కూర్చుని, ఆవిడ నాడి పట్టుకుని నిమిషం లెక్కపెట్టు. ఎంత వచ్చిందో అక్కడి నుంచి మొదలుపెట్టి మళ్ళీ రాసి పంపు.