మిక్మాక్‌లు సముద్రం మీద కూడా పోరాడారా?

మీ ప్రశ్న: బ్రిటిష్, ఫ్రెంచ్ నౌకా పోరాటాల్లో మిక్మాక్‌లు (కెనడా తూర్పు తీరపు ఆదివాసులు) ఒడ్డున నిలబడి సాయం చేశారా, నీళ్ళలోకీ దిగారా?

దిగారు, బాగానే దిగారు. వాళ్ళవి బెరడు పడవలే అనుకుంటాం గానీ, 1600ల మొదట్లోనే యూరప్ తెరచాప పడవలు నడపడం నేర్చేసుకున్నారు. 1720ల్లో న్యూ ఇంగ్లండ్ (అమెరికాలోని బ్రిటిష్ కాలనీలు) చేపల పడవల్ని పట్టుకుని, వాటిలోనే మిగతావాటి మీద పడ్డారు.

కానీ అందరూ చెప్పుకునేది 1760 రెస్టిగూష్ యుద్ధం. నేనుండేది కెనడాలోని మాంక్టన్‌లో. క్యాంప్‌బెల్టన్ దగ్గర వంతెన దాటితే క్యుబెక్ వైపు దీని మ్యూజియం ఉంది, వెళ్ళి చూశాను. రెస్టిగూష్ నది అడుగు నుంచి తీసిన ఫ్రెంచ్ యుద్ధనౌక 'మాషో' చెక్కలు, దాంట్లో దొరికిన బూట్లు, చైనా పింగాణీ పెట్టారు. కెనడాలో ఓడిపోతున్న ఫ్రెంచ్ కాలనీకి పంపిన సరుకులో పింగాణీ ఏంటో!

ఏప్రిల్‌లో ఆ కాలనీకి సాయంగా ఫ్రాన్స్‌లోని బోర్డో నుంచి ఆరు నౌకలు బయల్దేరాయి. మధ్యలో బ్రిటిష్ వాళ్ళు కొన్నింటిని పట్టుకున్నారు, మిగిలినవి మూడే. సెయింట్ లారెన్స్ నదిలోకి బ్రిటిష్ నౌకలు ముందే చేరాయని తెలిసి, రెస్టిగూష్ నది కలిసే షాలూర్ అఖాతంలోకి తిరిగాయి. అక్కడ మిక్మాక్‌లు, ఇళ్ళు పోగొట్టుకున్న అకాడియన్లు (అక్కడ స్థిరపడ్డ ఫ్రెంచ్ వాళ్ళు) ఉన్నారు, చాలామంది ఆకలితో. అందరూ కలిసి ఒడ్డున ఫిరంగులు పెట్టారు, చిన్న పడవల్ని ముంచి నదికి అడ్డు కట్టారు. బ్రిటిష్ కెప్టెన్ జాన్ బైరన్ నౌకలకి లోతు చాలక దారి వెతుక్కోవడానికే రెండు వారాలు పట్టింది. చివరికి జూలై 8న ఫ్రెంచ్ వాళ్ళే 'మాషో'ని పేల్చేశారు. మూడింట్లో ఒకటైన 'మార్కి ద మలోజ్'ని మాత్రం వదిలేశారు, లోపల బ్రిటిష్ ఖైదీలున్నారు కాబట్టి.

రెస్టిగూష్ పోరు ఏడేళ్ళ యుద్ధంలో భాగం, ఆ యుద్ధం మన దాకా కూడా వచ్చింది: 1758లో చందుర్తి, 1759లో మచిలీపట్నం. రెండు చోట్లా ఫ్రెంచ్ వాళ్ళే ఓడారు.

నా లెక్కలో మిక్మాక్‌లని ఓడినవాళ్ళ జాబితాలో వెయ్యడం తప్పు. బ్రిటిష్ వాళ్ళతో చేసుకున్న 1760, 61 ఒప్పందాల్లో వాళ్ళు భూమి రాసివ్వలేదు. ఆ కాగితాల ఆధారంగానే 1999లో మార్షల్ అనే మిక్మాక్ కేసులో కెనడా సుప్రీంకోర్టు వాళ్ళ చేపల వేట హక్కుని ఒప్పుకుంది. ఇక్కడ ఎండ్రొయ్యల సీజన్ మొదలైతే దాని మీద గొడవ ఇప్పటికీ నడుస్తూనే ఉంటుంది.