మీరడిగారు: బ్లాగు థీమ్ మార్పులు, ప్రకటనలు, అమ్మకం

ప్రశ్న: వర్డ్‌ప్రెస్ థీమ్‌లో ఫుటర్ మార్చి, వ్యాసం చివర రచయిత పరిచయం వచ్చేలా కోడ్ చేర్చాను. అప్‌డేట్ నొక్కగానే అన్నీ పోయాయి. తిరిగి తెచ్చుకోవచ్చా? ఇకపై పోకుండా ఏం చేయాలి?

జవాబు: అప్‌డేట్ అంటే పాత థీమ్ ఫోల్డర్‌ను తీసేసి ఆ స్థానంలో కొత్తది పెట్టడమే. ఆ ఫైళ్లలో మీరు రాసిన వరసలన్నీ దానితోపాటే పోతాయి. హోస్టింగ్‌లో బ్యాకప్ ఉంటే థీమ్ ఫోల్డర్ ఒక్కటే దింపుకోండి. సైట్ మొత్తాన్నీ వెనక్కి తిప్పితే ఈమధ్య రాసిన టపాలు, వచ్చిన వ్యాఖ్యలు కూడా పోతాయి. అదే వెర్షన్ అసలు థీమ్‌ను పక్కన పెట్టి రెండు ఫోల్డర్లనూ పోల్చి చూస్తే మీరు మార్చిన వరసలు బయటపడతాయి.

వాటిని ఈసారి చైల్డ్ థీమ్‌లో, అంటే అసలు థీమ్ (పేరెంట్) మీద ఆధారపడుతూ మీ మార్పులను మాత్రం విడిగా ఉంచే థీమ్‌లో పెట్టండి. అసలు థీమ్ పక్కనే కొత్త ఫోల్డర్ చేసి, అందులో స్టైల్.సీఎస్ఎస్ ఫైలు పెట్టాలి. దాని తలభాగంలో రెండు వరసలు తప్పనిసరి: ‘థీమ్ నేమ్’ ఎదురుగా మీరు పెట్టుకున్న పేరు, ‘టెంప్లేట్’ ఎదురుగా అసలు థీమ్ ఫోల్డర్ పేరు. ఎక్కువమంది పొరబడేది ఈ రెండో వరస దగ్గరే. అక్కడ రాయాల్సింది థీమ్ పేరు కాదు, ఫోల్డర్ పేరు. ఒక్క అక్షరం తేడా వచ్చినా పేరెంట్ థీమ్ లేదని వర్డ్‌ప్రెస్ తిప్పికొడుతుంది.

చైల్డ్ థీమ్‌ను యాక్టివేట్ చేశాక డిజైన్ అంతా చెదిరిపోతే పేరెంట్ స్టైల్ ఫైలు లోడ్ కావడం లేదని అర్థం. దాన్ని చైల్డ్ ఫంక్షన్స్ ఫైలులో (ఫంక్షన్స్.పీహెచ్‌పీ) ఎన్‌క్యూ చేయాలి, అంటే లోడ్ చేయమని వర్డ్‌ప్రెస్‌కు చెప్పాలి. మెనూ, లోగో కనిపించకపోయినా కంగారు పడకండి. కస్టమైజర్ (రూపాన్ని మార్చుకునే తెర) సెట్టింగుల్లో చాలావాటిని వర్డ్‌ప్రెస్ ఏ థీమ్‌కా థీమ్‌గా దాస్తుంది కాబట్టి వాటిని మళ్లీ పెట్టుకోవాల్సిందే. ‘అడిషనల్ సీఎస్ఎస్’లో రాసిందీ అంతే.

మీ రచయిత పరిచయం కోసం పేరెంట్‌లోని సింగిల్.పీహెచ్‌పీని (ఒక్కో టపాను చూపే ఫైలు) చైల్డ్‌లోకి కాపీ చేసి మార్చితే చాలు, వర్డ్‌ప్రెస్ చైల్డ్ ఫైలునే వాడుతుంది. ఫంక్షన్స్ ఫైలుకు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. అది రెండు థీమ్‌లలోనూ లోడ్ అవుతుంది, అదీ చైల్డ్‌ది ముందు. పేరెంట్ ఫైలును యథాతథంగా అతికిస్తే ఒకే ఫంక్షన్ రెండుసార్లు వచ్చి సైట్ ఆగిపోతుంది. మీ కొత్త ఫంక్షన్లు మాత్రమే, పేరు ముందు మీదైన ఉపసర్గ చేర్చి రాయండి. కాపీ చేసిన టెంప్లేట్లకు పేరెంట్ అప్‌డేట్లలోని సవరణలు అందవు. అందుకే హుక్‌తో (మన కోడ్‌ను తగిలించడానికి వర్డ్‌ప్రెస్, థీమ్ ఇచ్చే చోటు) అయ్యే పనికి ఫైలు కాపీ చేయకపోవడమే మేలు.

ప్రశ్న: ప్రకటనలు పెట్టాక ఫోన్‌లో చదువుతుంటే పేజీ కిందికి జారిపోతోంది, పక్కకి కూడా కదులుతోంది. ఎందుకు?

జవాబు: ఇవి రెండు వేర్వేరు జబ్బులు. ప్రకటన ఆలస్యంగా వస్తుంది. అప్పటిదాకా దాని పెట్టె ఎత్తు సున్నా. వచ్చాక ఒక్కసారిగా 250 పిక్సెళ్లు కావాలి కాబట్టి కింద ఉన్న వాక్యాలను తోసేస్తుంది. 300×250 ప్రకటన వచ్చే చోట పెట్టెకు కనీస ఎత్తు 250 అని ముందే రాసిపెట్టండి. ప్రకటన రాకపోతే ఖాళీ మిగులుతుంది, మిగలనివ్వండి. దాన్ని మూసేస్తే మళ్లీ అదే కుదుపు. బొమ్మలకూ వెడల్పు, ఎత్తు రాసి ఉండాలి. ఈ కదలికను కొలిచే సీఎల్ఎస్ అంకె 0.1 దాటకూడదు.

పక్కకి కదలడానికి కారణం లెక్క కుదరకపోవడం. 360 పిక్సెళ్ల తెరలో అటూ ఇటూ 16 చొప్పున అంచు వదిలితే మిగిలేది 328. అందులో 300 వెడల్పు ప్రకటన పడుతుంది, 336 వెడల్పుది పట్టదు. 320 తెరలో అయితే మిగిలేది 288, అంటే 300 కూడా పట్టదు. చిన్న తెరలకు అంచు 10కి తగ్గించండి, లేదా తెరను బట్టి కొలత మార్చుకునే రెస్పాన్సివ్ యూనిట్ వాడండి.

మొదటి ప్రకటన రెండు మూడు పేరాల తర్వాతే రావాలని మా అభిప్రాయం. ‘తర్వాతి పేజీ’ బటన్‌కు ఆనుకుని మాత్రం ఎన్నడూ పెట్టకండి. వేలు జారి పడిన క్లిక్కులను ప్రకటనల సంస్థలు చెల్లనివిగా లెక్కగడతాయి, ఆదాయం కోస్తాయి, ఖాతా కూడా మూయవచ్చు.

ప్రశ్న: ఇంగ్లిష్ థీమ్‌లో తెలుగు శీర్షికల వత్తులు తెగిపోతున్నాయి.

జవాబు: శీర్షికల లైన్-హైట్ (ఒక్కో వరసకు ఇచ్చే ఎత్తు) 1.2 దగ్గర ఉండి ఉంటుంది. మన వత్తులకూ గుడులకూ అది చాలదు. శీర్షికలకు 1.5, వ్యాసానికి 1.75తో మొదలుపెట్టి ఫాంట్‌ను బట్టి సర్దుకోండి. లెటర్-స్పేసింగ్ (అక్షరాల మధ్య ఎడం) సున్నా చేయండి. ఇటాలిక్ తీసేయండి: ఆ రూపం లేని తెలుగు ఫాంట్‌ను బ్రౌజర్ బలవంతంగా వంచుతుంది.

ప్రశ్న: సొంతంగా చేసిన వర్డ్‌ప్రెస్ థీమ్ అమ్మాలనుంది. కొన్నవారు ఇతరులకు పంచేస్తే?

జవాబు: వర్డ్‌ప్రెస్ జీపీఎల్ లైసెన్సులో ఉంది, అంటే పొందినవారు దాన్ని వాడుకోవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. థీమ్‌లోని పీహెచ్‌పీ కోడ్‌కూ అదే వర్తిస్తుందన్నది వర్డ్‌ప్రెస్ వైఖరి. వారి అధికారిక డైరెక్టరీలో పెట్టాలంటే బొమ్మలు, ఫాంట్లతో సహా అన్నీ జీపీఎల్‌కు సరిపోవాలి. కాబట్టి పంచడాన్ని ఆపాలని చూడకండి. ఏడాదిపాటు అప్‌డేట్లు, సహాయం ఇచ్చే లైసెన్స్ కీ అమ్మండి. కొనేవారికి నిజంగా అవసరమైనవి అవే.

అమ్మేముందు థీమ్ ప్రమాణాలను పాటిస్తోందో లేదో చూసే థీమ్ చెక్ ప్లగిన్ నడపండి. వర్డ్‌ప్రెస్ ఇచ్చే థీమ్ టెస్ట్ డేటా (నమూనా టపాలు) ఎక్కించి, కోడ్ తప్పులను చూపే డీబగ్ ఆన్ చేసి ప్రతి పేజీ తిరగండి. బారెడు శీర్షిక, అసలు శీర్షికే లేని టపా, లోతైన వ్యాఖ్యల వరస — లోపాలు ఇక్కడే దొరుకుతాయి. షార్ట్‌కోడ్‌లు (టపాలో బ్రాకెట్లలో రాసే పొట్టి ఆదేశాలు), కస్టమ్ పోస్ట్ టైపులు (టపా, పేజీ కాక మీరు చేర్చే కొత్త రకాలు) థీమ్‌లో పెట్టకండి, విడిగా ప్లగిన్‌లో ఇవ్వండి. లేకపోతే కొన్నవారు రేపు థీమ్ మార్చిన రోజున వారి టపాల్లో షార్ట్‌కోడ్ బ్రాకెట్లు బయటపడతాయి, ఆ కస్టమ్ రకం పోస్టులు డాష్‌బోర్డ్‌లోనే కనిపించవు.