డబ్బు పెట్టి కొన్న గేమ్ కొన్నేళ్లకి ఎందుకు ఆగిపోతుంది?

చట్టం లెక్కలో మీరు కొన్నది ఆడుకోవడానికి లైసెన్స్ మాత్రమే. గేమ్ నడవాలంటే కంపెనీ సర్వర్ తప్పనిసరి అయితే, అది ఆగిన రోజే గేమూ ఆగిపోతుంది.

2014లో వచ్చిన కార్ల రేసింగ్ గేమ్ ‘ది క్రూ’నే చూడండి. ఒంటరిగా ఆడే కథ బోలెడంత ఉంది. అయినా దాన్ని తెచ్చిన కంపెనీ యూబీసాఫ్ట్ సర్వర్‌కి కనెక్ట్ అయితేనే నడిచేది. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. డిస్క్ చేతిలో ఉన్నవాళ్లకి కూడా ఆట లేదు. ఎంత అన్యాయం! సర్వర్లకి ఖర్చవుతుంది, ఎల్లకాలం నడపమని ఎవరూ అనరు. కానీ పోయేముందు ఆఫ్‌లైన్ మోడ్ ఇవ్వొచ్చుగా? ఆడేవాళ్ల గొడవ పెద్దదయ్యాక దాని తర్వాతి గేమ్ ‘ది క్రూ 2’కి ఇచ్చారు మరి.

కొనేముందు ‘ఇంటర్నెట్ తప్పనిసరి’ అని ఉందేమో చూసుకోండి. సింగిల్ ప్లేయర్ గేమ్‌కి ఆ మాట ఉంటే నేనైతే కొనను.